కెన్యాలో మూడు వారాల పక్షి యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరు నుంచి నలుగురు కలిసి, టూర్ కంపెనీ ప్యాకేజీ కొనకుండా, సొంతంగా ఏర్పాట్లు చేసుకుని హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో బయలుదేరేవారి కోసం రాసిన పేజీ ఇది. మా సలహాలన్నిటికీ మూలం ఒక్కటే: ఎన్ని ఊళ్లు తిరుగుతాం అని కాకుండా, ఒక్కో రకం అడవిలో, నీటిలో, గడ్డిలో ఎన్ని ఉదయాలు దక్కుతాయి అని లెక్కేసుకోండి.

విదేశంలో మొదటి పెద్ద పక్షి యాత్రకు కెన్యా సరైనదేనా?

సరైనదే. అక్కడ నమోదైన పక్షి జాతులు 1,100కు పైనే. మంచు కప్పిన కొండ, ఎడారి లాంటి ముళ్ల పొదలు, ఉప్పు సరస్సులు, పడమటి ఆఫ్రికా తరహా వర్షారణ్యం, సముద్ర తీరం అన్నీ ఒకే దేశంలో రోడ్డు మీదుగా అందుతాయి. ఇంగ్లిషు నడుస్తుంది, వాహనాలు మనలాగే ఎడమ వైపున వెళ్తాయి, పక్షులు తెలిసిన స్థానిక గైడ్లు ముఖ్యమైన చోట్లన్నిటా దొరుకుతారు. ఓపికగా తిరిగితే మూడు వారాల్లో 500 జాతులు దాటడం అసాధ్యం కాదు.

పది రోజుల్లో సర్దుకోలేమా?

సర్దుకోవచ్చు, కానీ అప్పుడు దేశంలో సగమే చూడండి. నైరోబి, మౌంట్ కెన్యా, సంబురు, బరింగో, నైవాషా చక్కగా కుదురుతాయి. అదే పది రోజుల్లో కాకమెగా అడవినీ, తీరాన్నీ ఇరికిస్తే పగళ్లన్నీ రోడ్డు మీదే గడిచిపోతాయి. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా పొద్దు ఉదయం ఆరున్నర ప్రాంతంలో పొడిచి, సాయంత్రం ఆరున్నర దాటాక గుంకుతుంది. పక్షులు బాగా కదిలేది తొలి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు కారులో పోతే ఆ రోజు పోయినట్టే.

అందుకే ఊరు మారే రోజున కూడా తెల్లవారగానే బయలుదేరకండి. పది గంటల దాకా ఉన్నచోటే పక్షులు చూసి, పదిన్నరకు బండి ఎక్కి, నాలుగు గంటలకల్లా కొత్త చోటు చేరేలా దూరాలు పెట్టుకోండి. ఈ ఒక్క నియమం పాటిస్తే దారి తనంతట తానే సగం ఖరారవుతుంది.

ఏ నెలలో వెళ్లాలి?

మా ఓటు జనవరి చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. నేల పొడిగా ఉంటుంది, మట్టి రోడ్లు సాగుతాయి, యూరప్, ఆసియాల నుంచి వచ్చిన వలస పక్షులు ఇంకా అక్కడే ఉంటాయి. లోపం ఏమిటంటే, బిషప్, విడోబర్డ్ మగపక్షుల్లో చాలావరకు రంగులు వదిలేసి గోధుమరంగు ఆడపక్షుల్లాగే కనిపిస్తాయి, గుర్తుపట్టడం కష్టం.

పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, చిన్న వానలు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి దాకా. నవంబరులో తడవడానికి సిద్ధపడితే వలస రద్దీ చూడొచ్చు. నాగాలాండ్ మీదుగా సాగే అమూర్ డేగలు అరేబియా సముద్రం దాటి ఆ రోజుల్లోనే తూర్పు ఆఫ్రికా చేరతాయి. త్సావో వెస్ట్ నేషనల్ పార్కులోని ఎంగూలియా దగ్గర పొగమంచు రాత్రుల్లో దీపాల వెలుగుకు దిగే వలస పక్షులను పట్టి, కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలే పని 1969 నుంచి ఏటా నడుస్తోంది. జూలై, ఆగస్టుల్లో వాతావరణం హాయిగా ఉన్నా యూరప్ వలస పక్షులు ఉండవు, గదుల ధరలు మండిపోతాయి.

21 రాత్రులను ఎలా పంచుకోవాలి?

మేము సూచించే పంపకం ఇది.

నైరోబి 2: నగరాన్ని ఆనుకునే ఉన్న నైరోబి నేషనల్ పార్క్ 117 చదరపు కిలోమీటర్లు. ప్రయాణ బడలికతో కూడా ఒక పూటలో చాలా చూడొచ్చు. చేరిన మర్నాడు బుధవారమైతే, నేచర్ కెన్యా అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు నేషనల్ మ్యూజియం నుంచి ప్రతి బుధవారం ఉదయం నడిపే పక్షుల నడకలో కలవండి. ఆఫ్రికా పక్షులకు కన్ను అలవాటు పడటానికి అంతకంటే మంచి దారి లేదు.

మౌంట్ కెన్యా 2: దారిలో ముకుర్వెయినీ దగ్గర వాజీ నేచర్ పార్క్‌లో ఆగండి. కెన్యాలో తప్ప మరెక్కడా లేని హిండెస్ బ్యాబ్లర్ అక్కడ పొదల్లో తిరుగుతుంది. కొండ మీద హార్ట్‌లాబ్స్ తురాకో. రాత్రులు బాగా చల్లగా ఉంటాయి, ఉన్ని స్వెటర్ తప్పనిసరి.

సంబురు 2: వల్చరైన్ గినీకోడి, సోమాలి ఉష్ట్రపక్షి, బంగారు రొమ్ము గోరింక. ఇక్కడి జాతులు దక్షిణ కెన్యాలో చాలావరకు దొరకవు.

న్యహురూరు 1, బరింగో 2: సంబురు నుంచి బరింగోకు ఒకే రోజులో లాగొద్దు, మధ్యలో థామ్సన్స్ ఫాల్స్ దగ్గర పడుకోండి. బరింగోలో ఒక ఉదయం పడవలో సరస్సు మీదికి, మరో ఉదయం కొండచరియల కిందికి. సరస్సు నీటిమట్టం 2010 తర్వాత బాగా పెరిగి పాత హోటళ్లు కొన్ని మునిగిపోయాయి. పాత ట్రిప్ రిపోర్టుల్లోని వసతి పేర్లు నమ్మి బయలుదేరకండి, ఇప్పుడు నడుస్తున్నదో లేదో ఫోన్ చేసి అడగండి.

కాకమెగా 3: కాంగో వైపు వర్షారణ్యానికి తూర్పు కొసన మిగిలిన ముక్క ఇది. గ్రేట్ బ్లూ తురాకో, బ్లూ-హెడెడ్ బీ-ఈటర్ కోసం కెన్యాలో ఇక్కడికే రావడం మేలు. అడవి పక్షులు చెట్ల కొసల్లో కలగలుపు గుంపులుగా తిరుగుతాయి, గుంపు ఎదురుపడితే పది నిమిషాల్లో ఇరవై జాతులు, ఎదురుపడకపోతే గంటసేపు నిశ్శబ్దం. రెండు రాత్రులతో సరిపెట్టుకున్నవాళ్లే చివర్లో ఎక్కువగా బాధపడతారు.

నైవాషా 2: సరస్సుకంటే ముఖ్యం పక్కనున్న కినాంగోప్ పీఠభూమి. షార్ప్స్ లాంగ్‌క్లా అనే చిన్న పసుపు పక్షికి గుబురు గడ్డి కావాలి. అది కెన్యా ఎత్తు గడ్డినేలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ నేలలు ప్రైవేటు పొలాలు, ఏటా కొంత బంగాళదుంప సాగు కిందికి దున్నేస్తున్నారు. స్థానిక గైడుతో వెళ్లి, రైతుకు ప్రవేశ రుసుము ఇచ్చి చూడండి. గడ్డిని గడ్డిగా ఉంచితే నాలుగు రూపాయలు వస్తాయని ఆ రైతుకు తెలియడం పక్షికి చాలా అవసరం.

నైరోబి 1: విశ్రాంతి, బట్టలు ఉతుక్కోవడం. ముందు ఎక్కడైనా ఒక రోజు ఆలస్యమై ఉంటే సర్దుబాటు ఇక్కడే.

తైతా కొండలు 2: ఎన్‌గాంగావో అడవి సుమారు 120 హెక్టార్లు. తైతా థ్రష్, తైతా అపాలిస్ రెండూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి, వాటికి మిగిలినవి ఇలాంటి కొద్ది ముక్కలే. నైరోబి నుంచి ఈ కొండల దగ్గరి పట్టణం వోయి 330 కిలోమీటర్లు, లారీల రద్దీతో రోజంతా పడుతుంది. పదిన్నర నియమాన్ని వదిలేసి పొద్దున్నే కదలాల్సిన రోజు ఇదొక్కటే.

వటాము 3: సముద్ర తీరపు ఊరు ఇది. పక్కనున్న అరబుకో-సొకోకే అడవిలో మూడు రకాల చెట్ల మండలాలున్నాయి. తెల్ల ఇసుక మీది బ్రాకిస్టీజియాలో అమాని తేనెపిట్ట, క్లార్క్స్ వీవర్. ఎర్రమట్టి మీది సైనోమెట్రా పొదల్లో సొకోకే స్కాప్స్ గుడ్లగూబ. క్లార్క్స్ వీవర్ గుంపులు ఒక రోజు ఉంటాయి, మరో రోజు మాయమవుతాయి, అందుకే మూడు ఉదయాలు. సాయంత్రాలు మిడా క్రీక్ అనే సముద్రపు పాయలో క్రాబ్-ప్లవర్ అనే తీరపు పక్షుల కోసం, ఆటుపోట్ల పట్టిక చూసుకుని వెళ్లండి.

చివరి రాత్రి నైరోబి: మాలిందీ నుంచి విమానం, లేదా మొంబాసా నుంచి రైలు. అంతర్జాతీయ విమానం ఉన్న రోజునే తీరం నుంచి బయలుదేరవద్దు.

మసాయి మారా ఏది?

కావాలనే వదిలేశాం. మారా అద్భుతమైన చోటే, కానీ పక్షుల కోసమే వెళ్లేవారికి అక్కడి గడ్డిమైదానపు జాతుల్లో ఎక్కువ భాగం నైరోబి పార్కులోనూ నైవాషా చుట్టుపక్కలా కనిపిస్తాయి. విదేశీయులకు ప్రవేశం జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు, అదీ పన్నెండు గంటలకే. తోడు వచ్చినవారికి సింహాలు, చిరుతలు తప్పనిసరైతే తైతా కొండల రెండు రాత్రులూ నైరోబి మధ్య రాత్రీ తీసి మారాకు ఇవ్వండి, తీరానికి నైరోబి నుంచి నేరుగా విమానంలో వెళ్లండి. కాకమెగాను మాత్రం తగ్గించకండి.

రాజహంసల గుంపుల కోసం నకూరు సరస్సుకు వెళ్లాలా?

పులికాట్‌లో చూసినవారు కూడా లక్షల గుంపు చూడాలని అడుగుతారు. నకూరు ఫొటోల్లో చాలావరకు పాతవి. చిన్న రాజహంస తినేది బాగా క్షారంగా ఉన్న నీటిలో పెరిగే నీలి-ఆకుపచ్చ నాచును. గత పదిహేనేళ్లలో వాన నీరు చేరి నకూరు మట్టం పెరిగింది, క్షారం పలచబడింది, ఆ నాచు తగ్గింది, పక్షులు ఇతర సరస్సులకు మళ్లాయి. ఇప్పుడు ఎక్కువ అవకాశం బొగోరియా సరస్సులో. బరింగో నుంచి దగ్గరే కాబట్టి ఒక మధ్యాహ్నం చాలు. సంఖ్య మాత్రం నెలనెలా మారుతుంది, ముందు వారం ఈబర్డ్ అనే పక్షి పరిశీలనల వెబ్‌సైట్‌లో తాజా జాబితాలు చూడండి.

వీసా కావాలా?

2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ అనుమతి వచ్చింది. రుసుము సుమారు 30 డాలర్లు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు, తిరుగు టికెట్టు, వసతి బుకింగ్ అప్‌లోడ్ చేయాలి. మంజూరైన 90 రోజుల్లోపు ప్రయాణం మొదలవ్వాలి కాబట్టి మరీ ముందు పెట్టకండి, మూడు నాలుగు వారాల ముందు సరైన సమయం. అదే పేరుతో ఎక్కువ డబ్బు గుంజే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర కెన్యా ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా నిజంగా తప్పదా?

తప్పదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టీకా అవసరం కెన్యాలోకి వెళ్లడానికే అనుకుంటారు. అసలు చిక్కు తిరిగి ఇండియాలో దిగేటప్పుడు. సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి వస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు ఉంది.

ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేసిన టీకాయే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అలాంటివి. చాలా కేంద్రాల్లో రోజూ వేయరు, స్టాకు అయిపోతే వారాలు ఆగాలి. కనీసం రెండు నెలల ముందే ఫోన్ చేసి రోజు ఖరారు చేసుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లండి. పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, ముద్ర అక్కడే నిలబడి సరిచూసుకోండి. వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుబాటు మొదలవుతుంది, అక్కడి నుంచి జీవితాంతం. పదేళ్ల కిందట వేయించుకున్న కార్డు ఉంటే మళ్లీ అక్కర్లేదు.

అరవై దాటినవారికీ, గుడ్డు అంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవారికీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికీ ఈ టీకాతో ప్రమాదం ఉండొచ్చు. వారు టికెట్లు కొనకముందే డాక్టరుతో మాట్లాడాలి. మినహాయింపు పత్రం తెచ్చుకున్నా, తిరిగి వచ్చినప్పుడు క్వారంటైన్ నుంచి తప్పించుకోగలమన్న హామీ లేదు.

మలేరియాకు ఏం చేయాలి?

నైరోబిలోనూ ఎత్తు కొండల మీదా ప్రమాదం తక్కువ. బరింగో, కాకమెగా, తీరంలో బాగా ఎక్కువ. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఆ ప్రాంతానికి వెళ్లే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, బయటికి వచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు, పైగా దానివల్ల ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ఏది మీకు సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. సాయంత్రం గుడ్లగూబల కోసం నిలబడేటప్పుడు పొడవు చేతుల చొక్కా, దోమల మందు మరవకండి.

బండి మనమే నడపొచ్చా?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌తో నడపొచ్చు, కానీ వద్దంటాం. నడిపే మనిషి పక్షులు చూడలేడు. పైకప్పు తెరుచుకునే వ్యాను లేదా ల్యాండ్ క్రూయిజరు, డ్రైవరుతో సహా తీసుకోండి. పార్కుల్లో నిర్దేశించిన చోట్ల తప్ప కిందికి దిగనివ్వరు, కాబట్టి తెరుచుకునే పైకప్పు లేకపోతే బండికి ఒక వైపు కూర్చున్నవారికి రెండో వైపు పక్షి కనబడదు.

వాహనం, డ్రైవరు, డీజిలు కలిపి రోజుకు సుమారు 150 నుంచి 250 డాలర్లు. రోజుకు 200 చొప్పున 18 రోజులకు 3,600 డాలర్లు. ఇద్దరైతే తలా 1,800, ముగ్గురైతే 1,200, నలుగురైతే 900. ముగ్గురు కలిస్తే అందరికీ కిటికీ, కెమెరా సంచులకు చోటు దక్కుతాయి. డీజిలు, డ్రైవరు భోజనం, పడక, పార్కుల్లో వాహన రుసుము ఎవరి ఖాతాలోవో ఒప్పందంలో రాయించుకోండి. తగాదాలన్నీ అక్కడే పుడతాయి.

డబ్బు ఎలా కట్టాలి?

నేషనల్ పార్కుల గేట్ల దగ్గర నగదు తీసుకోరు. ప్రభుత్వ ఈసిటిజన్ పోర్టల్‌లో ఖాతా తెరిచి కార్డుతో కట్టాలి. ఆ ఖాతా ఇంటి దగ్గరే తెరిచి ఉంచండి, గేటు దగ్గర సిగ్నల్ అందక తంటాలు పడే గంట సరిగ్గా ఉదయపు గంటే. సంబురు, బొగోరియా లాంటివి కౌంటీ (జిల్లా స్థాయి) ప్రభుత్వాల రిజర్వులు, వాటి చెల్లింపు పద్ధతి వేరు. రుసుములు తరచూ మారుతున్నాయి కాబట్టి బయలుదేరే వారంలో సరిచూసుకోండి.

స్థానిక గైడ్లకూ పడవవాళ్లకూ ఎం-పెసా, అంటే ఫోన్ ద్వారా డబ్బు పంపే పద్ధతి, సులువు. పాస్‌పోర్టు చూపి సఫారికామ్ సిమ్ తీసుకుంటే మీరూ వాడొచ్చు. డాలర్లు పట్టుకెళ్తే 2009కు ముందు ముద్రించినవి, చిరిగినవి, గీతలున్నవి వద్దు, ఎవరూ తీసుకోరు.

డ్రైవరుకు పక్షులు తెలిస్తే వేరే గైడ్లు ఎందుకు?

డ్రైవరుకు దేశం తెలుసు, స్థానిక గైడుకు ఏ గుడ్లగూబ ఈ వారం ఏ కొమ్మ మీద పడుకుంటుందో తెలుసు. బరింగో, కాకమెగా, కినాంగోప్, తైతా, అరబుకో-సొకోకే, ఈ ఐదు చోట్లా తప్పక పెట్టుకోండి. చూడదలచిన జాతుల జాబితాలో మొదటి పదిని మాత్రమే ముందు రోజు రాత్రే పంపండి. వంద పేర్లు పంపితే దేనికి ప్రాధాన్యమో అతనికి అర్థం కాదు.

మన పక్షులకు దగ్గరి చుట్టాలు అక్కడ ఏవి?

ఈ ప్రశ్న అడిగేవారంటే మాకు ప్రత్యేకమైన ఇష్టం. బరింగో కొండచరియల కింద ముళ్ల పొదల నీడలో పగలంతా కదలకుండా నిలబడే హ్యూగ్లిన్స్ కోర్సర్, 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికిన మన కలివికోడి ఉన్న రైనోప్టిలస్ ప్రజాతికే చెందింది. రాత్రిపూట తిరిగే అలవాటూ అదే. లంకమల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా కలివికోడి కనబడనివారికి ఆ పెద్ద కళ్లను పది గజాల దూరం నుంచి చూడటం మామూలు అనుభవం కాదు. రోళ్లపాడు గడ్డిలో ఒకప్పుడు నడిచిన బట్టమేక పిట్టకు అన్న లాంటి కోరి బస్టర్డ్ సంబురులోనూ నైరోబి పార్కులోనూ ఉంటుంది. పాలపిట్ట ప్రజాతికే చెందిన లైలాక్-బ్రెస్టెడ్ రోలర్ ముళ్ల చెట్ల మీద తరచూ కనిపిస్తుంది.

ముందుగా ఏం చదువుకోవాలి?

జాతులు కాదు, కుటుంబాలు. తురాకోలు, మౌస్‌బర్డ్‌లు, వుడ్-హూపోలు మన దగ్గర లేవు, వాటితో మొదలుపెట్టండి. తర్వాత గిజిగాడి బంధువులు, తేనెపిట్టలు. సిస్టికోలాలు అనే చిన్న గడ్డి పిట్టలను బొమ్మలు చూసి నేర్చుకోవాలని తంటాలు పడకండి, అన్నీ ఒకేలా ఉంటాయి, గొంతుతోనే తేడా తెలుస్తుంది. ఈబర్డ్‌లో టార్గెట్ స్పీసీస్ పేజీకి వెళ్లి కౌంటీ, నెల ఎంచుకుంటే మీరు చూడని పక్షులు తరచుగా కనిపించే క్రమంలో వస్తాయి. పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో కెన్యాకు వర్తించే ప్యాక్ ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి.

బైనాక్యులర్లు, కెమెరా, మిగతా సామాను?

8x42 బైనాక్యులర్స్ అన్నిటికీ సరిపోతాయి. 10x తీసుకుంటే కాకమెగా చీకటి కొమ్మల్లో చెయ్యి వణుకు ఇబ్బంది పెడుతుంది. స్పాటింగ్ స్కోపు సరస్సులకూ మిడా క్రీక్‌కూ బాగా పనికొస్తుంది, గుంపుకు ఒకటి చాలు. పార్కుల్లో ట్రైపాడు వాడటం కుదరదు, ఖాళీ బీన్‌బ్యాగ్ తీసుకెళ్లి అక్కడ బియ్యమో చిక్కుళ్లో నింపుకోండి.

ఖరీదైన లెన్స్ ఉంటే, వెళ్లేటప్పుడు మన విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు విదేశంలో కొన్నారా అన్న ప్రశ్నకు బిల్లులు వెతుక్కోవాలి. ఈ పనికి సామాను చెక్-ఇన్ చేయకముందే అదనంగా ఒక గంట పెట్టుకోండి.

ప్లగ్గులు బ్రిటిష్ తరహా, మూడు చదరపు పిన్నులవి, అడాప్టరు కావాలి. 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, 2020 నుంచి పార్కుల్లో వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా. బట్టలు గుడ్డ సంచుల్లో సర్దుకోండి, స్టీలు సీసా పట్టుకెళ్లండి. అనుమతి లేకుండా డ్రోన్ తీసుకెళ్తే విమానాశ్రయంలోనే ఉంచేసుకుంటారు.

పక్షి కూత రికార్డింగ్ వినిపించి పిలవొచ్చా?

తైతా అపాలిస్, సొకోకే గుడ్లగూబ లాంటి వాటికి వద్దు. వాటి సంఖ్య చాలా తక్కువ, వచ్చే ప్రతి గుంపూ అదే జతను పిలిస్తే అవి మేత మాని, లేని శత్రువు కోసం కొట్లాడుతూ ఉంటాయి. మిగతా చోట్ల కూడా నిర్ణయం గైడుకు వదిలేయండి. అతను ఆపమంటే ఫోన్ జేబులో పెట్టండి, మరోసారి అడగకండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. చపాతీ, అన్నం, చిక్కుళ్ల కూర, సుకుమా వికి అనే ఆకుకూర, మొక్కజొన్న గింజలు చిక్కుళ్లు కలిపి ఉడికించే గితేరి ఎక్కడైనా ఉంటాయి. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న డబ్బాల్లో తీసుకెళ్తే మూడు వారాలూ నోరు చవిగా ఉంటుంది. అసలు ఇబ్బంది టిఫిన్ వేళ. లాడ్జిల్లో వడ్డించేది ఏడు తర్వాతే, పక్షుల వేళా అదే. ముందు రోజు రాత్రే ప్యాక్ చేసిన టిఫిన్, ఫ్లాస్కులో టీ అడగండి.

భద్రత సంగతి?

రాత్రి ప్రయాణం చేయకండి. బరింగో, కెరియో లోయ వైపు పశువుల దోపిడీ ముఠాల గొడవలు అప్పుడప్పుడూ చెలరేగుతాయి. వారం ముందు స్థానిక గైడుకు ఫోన్ చేసి, అతను వద్దంటే నకూరు, కెరిచో మీదుగా కాకమెగా చేరండి. సరస్సు ఒడ్డు వసతుల్లో చీకటి పడ్డాక గది నుంచి భోజనశాలకు కూడా కాపలాదారు లేకుండా నడవొద్దు, నీటి ఏనుగులు గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి. బీమా పాలసీలో వైద్యం కోసం విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చదువుకోండి.

తిరిగి వచ్చాక ఏమైనా జాగ్రత్తలున్నాయా?

పసుపు కార్డు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వద్దు. ఏ విమానాశ్రయంలో మొదట ఇండియాలో అడుగుపెడితే అక్కడే చూపాలి, ముంబయిలో దిగి హైదరాబాద్ విమానం పట్టుకునేవారు అందుకు రెండు గంటలైనా అదనంగా ఉంచుకోండి. మలేరియా మాత్రలు చెప్పినన్ని రోజులూ పూర్తి చేయండి. మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా, మామూలు వైరల్ జ్వరం అనిపించినా, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుని, కెన్యా వెళ్లి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.